సెకన్ల ముల్లు

కాకినాడలోని ఆ ఇంట్లో పదిహేను రోజులుగా ఒకటే చర్చ. దసరా వెళ్లిన నాలుగో రోజున అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఏం కొనాలి?

అమ్మ దగ్గర సమాధానం ఎప్పుడో సిద్ధంగా ఉంది. ‘ఏముంది, చెవులకి బుట్టలు. ఎప్పటికైనా చేయించాల్సినవే కదా. ఆగినకొద్దీ ధర పెరుగుతుందే తప్ప తగ్గుతుందా?’ అంది. నాయనమ్మ పట్టుచీర అంది. ఎనిమిదో తరగతి చదివే తమ్ముడు మాత్రం గట్టిగా కొత్త ఫోను పక్షాన నిలబడ్డాడు. అక్కకి కొత్తది వస్తే పాతది ఎవరికి దక్కుతుందో వాడికి తెలుసు.

నాన్న అందరి మాటలూ విని, పేపరు మడిచి పక్కన పెట్టి, ‘వాచీ కొందాం’ అన్నాడు.

ముగ్గురూ ఆయన వంక వింతగా చూశారు. ఫోనులో టైము కనిపిస్తుంటే ఈ రోజుల్లో వాచీ ఎవరు పెట్టుకుంటారని తమ్ముడు అడిగాడు. ఆడపిల్లకి ఇచ్చే మొదటి పెద్ద కానుక పట్టుమని పదేళ్లు కూడా ఉండనిదైతే ఎలా అని అమ్మ అడిగింది. నాన్న దేనికీ జవాబు చెప్పలేదు. చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

*

ఆయన చిన్నప్పుడు సామర్లకోట రైల్వే క్వార్టర్సులో వాళ్లింటికంతటికీ ఉన్నది ఒక్కటే వాచీ. తాతయ్య చేతికి ఉండే హెచ్ఎంటీ జనతా. తాతయ్య రైల్వేలో పాయింట్స్‌మన్. 1974లో ఆ వాచీ కొన్నాడు. ‘కొన్నాడు’ అని ఇప్పుడు అనేయడం తేలిక. జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ ప్రభుత్వ కర్మాగారం వాచీలకి అప్పట్లో విపరీతమైన గిరాకీ. డబ్బున్నంత మాత్రాన దొరికేది కాదు. ఎవరితోనో చెప్పించుకుని, పేరు రాయించుకుని, నెలల తరబడి ఎదురుచూడాల్సిందే.

రోజూ పొద్దున్నే రేడియోలో వార్తలు మొదలవగానే తాతయ్య ఆ వాచీకి కీ ఇచ్చేవాడు. ‘రోజుకోసారి పలకరిస్తే చాలురా, రోజంతా మన వెంట నడుస్తుంది. మనం మర్చిపోతే అదీ మనల్ని మర్చిపోతుంది’ అనేవాడు. ఇంకో గొప్ప కూడా చెప్పుకునేవాడు. ‘దేశం మొత్తానికి టైము చెప్పే గీత ఎక్కడుందనుకున్నావ్? మన కాకినాడ పక్క నుంచే పోతుంది’ అని. అది నిజమే. 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర నుంచి, ఇటు కాకినాడ సమీపం నుంచి పోయే గీత అది. ఆ గీత తన సొంత ఆస్తి అయినట్టే మాట్లాడేవాడు తాతయ్య.

‘పదిలో ఫస్టు క్లాసు తెచ్చుకో, నీకూ ఒకటి కొంటా’ అన్నాడు కొడుకుతో. 1991లో ఫలితాలు వచ్చాయి. సెకండు క్లాసు. తాతయ్య తిట్టలేదు, కొట్టలేదు. వాచీ కూడా కొనలేదు. ఆ తర్వాత పదమూడేళ్లకి, పెళ్లిపీటల మీద మామగారు పెట్టిన వాచీతోనే నాన్న మణికట్టుకి మొదటిసారి ముళ్లు కదిలాయి. పెళ్లికొడుకు లాంఛనాల జాబితాలో స్కూటరుకి కింద, ఉంగరానికి పైన రాసిన వాచీ అది. ఇప్పటికీ అదే ఆయన చేతికి ఉంది.

మనవైపు మగపిల్లాడికి పది పాసైతే వాచీ, పెళ్లైతే వాచీ. ఆడపిల్లకి ఓణీలు, గాజులు, బుట్టలు. ఆ ఇంట్లోనూ అంతే. అమ్మాయికి పన్నెండేళ్లప్పుడు ఓణీల ఫంక్షన్ చేశారు. మూడొందల మంది భోజనాలు చేశారు. ఆ రోజు ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి అక్షింతలు వేశారు, ఫొటోలు తీశారు, అంతే.

పద్దెనిమిది అలాంటిది కాదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం ఆ రోజుతో మనిషి మైనరు కాకుండా పోతుంది. తన కాగితాల మీద తన సంతకమే చెల్లుతుంది. ఓటుకి అప్పటిదాకా ఉన్న 21 ఏళ్ల వయసు 61వ రాజ్యాంగ సవరణతో 1989లో 18కి దిగింది. మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటైన నాన్న కొత్త ఓటర్ల కోసం ఎందరికో ఫారం 6 ఇచ్చి నింపించాడు. ఈసారి ఒకటి ఇంటికి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆ కాగితంతో పాటు ఇవ్వదగిన వస్తువు ఏదైనా ఉందంటే అది వాచీయే అనిపించింది ఆయనకి.

*

ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మెయిన్ రోడ్డులో వాచీల షాపుకి వెళ్లాడు. అద్దాల కింద వందల వాచీలు. కళ్లు చెదిరిపోయాయి.

‘ఎవరికి సార్?’ అన్నాడు షాపతను.

‘మా అమ్మాయికి. పద్దెనిమిదో పుట్టినరోజు.’

‘ఏం చదువుతోంది సార్?’

‘బీఎస్సీ’ అన్నాడు నాన్న. అని, ఆగిపోయాడు.

అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుతున్నది బీఎస్సీ నర్సింగ్. ఆ రెండో మాట ఆయన నోటికి రాదు. బంధువుల పెళ్లిళ్లలో, ఆఫీసులో, రైల్లో పక్క సీటువాళ్లు అడిగినప్పుడు, ‘బీఎస్సీ, వైజాగులో’ అంటాడు. ఏ గ్రూపని ఎవరన్నా రెట్టిస్తే మాట మార్చేస్తాడు. ఏడాదిగా అదే అలవాటైపోయింది.

ఇంటర్లో ఉండగా నాయనమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. రాత్రిళ్లు పక్కన పడుకున్నది అమ్మాయే. అక్కడ ఓ నడివయసు నర్సు, నొప్పి తెలియకుండా ముసలామెని పక్కకి ఎలా తిప్పాలో, దుప్పటి ముడత పడకుండా ఎలా సర్దాలో ఆ పిల్లకి చూపించింది. ఇంటికొచ్చాక అమ్మాయి ఇంజినీరింగ్ మాటే ఎత్తలేదు. నర్సింగ్ చదువుతానంది. మేనత్త ఫోన్ చేసి ‘నర్సా? రేపు సంబంధాలు ఎలా వస్తాయిరా?’ అని నాన్ననే కోప్పడింది. అమ్మాయి వాదించలేదు, అలగలేదు. దరఖాస్తు నింపి, తండ్రి సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి తెచ్చింది. ఆయన సంతకం చేశాడు. సంతకమైతే చేశాడు గానీ, ఆ మాట మాత్రం పైకి అనలేకపోయాడు.

షాపతను బంగారు రంగు వాచీ ఒకటి తీశాడు. గాజులాంటి సన్నటి చైను. శనగగింజంత డయలు. అంకెలు లేవు, పన్నెండు చోట్ల మెరిసే రాళ్లు. రెండే రెండు సన్నటి ముళ్లు. ధర 6,500. పెళ్లికి వెళ్తే పట్టుచీర మీదకి బ్రహ్మాండంగా ఉంటుంది సార్, అన్నాడు. బిల్లు దాచుకుంటే పదిహేను రోజుల్లో మార్చుకోవచ్చన్నాడు. నాన్న కొనేశాడు.

ఇంట్లో అమ్మకి చూపిస్తే ఆమె మొహం వెలిగింది. ‘అచ్చం బంగారంలాగే ఉంది. ఇదైతే పర్లేదు’ అంది. బీరువాలో చీరల మధ్య దాచింది.

*

అమ్మాయి దసరా సెలవులకి వచ్చింది. పండగ మర్నాడు ఏకాదశి. నాయనమ్మ ఉపవాసం. తుంటి విరిగినప్పుడు కూడా ఏకాదశి మానని మనిషి. రాత్రి ఎనిమిదింటికి మంచం మీద నుంచి లేవబోయి ‘కళ్లు తిరుగుతున్నాయే’ అంటూ మళ్లీ కూలబడింది.

అమ్మాయి పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. నాయనమ్మని వెనక్కి పడుకోబెట్టి, మణికట్టు పట్టుకుని, బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించింది. తలెత్తి గోడ గడియారం వంక చూసింది. ఆ గడియారం సెకన్ల ముల్లు ఏనాడో ఊడి అద్దం అడుగున పడి ఉంది. ఫోను తెమ్మంది. తమ్ముడు తెచ్చి పట్టుకున్నాడు. లెక్క సగంలో ఉండగా తెర ఆరిపోయింది.

‘నాన్నా, మీ వాచీ ఇలా ఇవ్వండి.’

నాన్న గబగబా తీసి ఇచ్చాడు. అమ్మాయి దాన్ని చూసి, ‘దీనికి సెకన్ల ముల్లు లేదేంటి నాన్నా?’ అంది.

ఇరవై ఏళ్లకి పైగా పెట్టుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ పట్టలేదు. రోజూ చూసేదే అయినా, అవసరం పడనిది కంటికి ఆనదు.

అప్పుడు నాయనమ్మే కళ్లు తెరవకుండా అంది. ‘నా పెట్టె అడుగున మీ తాతయ్య వాచీ ఉంది. దానికుంది ముల్లు.’

తమ్ముడు ట్రంకు పెట్టె తెరిచి, జేబురుమాలులో చుట్టిన వాచీ తెచ్చాడు. తాతయ్య పోయిన 2012 నుంచీ దానికి ఎవరూ కీ ఇవ్వలేదు. వాడు భయంభయంగా నాలుగుసార్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, ‘కొట్టుకుంటోంది!’ అని అరిచాడు. సెకన్ల ముల్లు బద్ధకంగా ఒళ్లు విరుచుకుని కదిలింది.

అమ్మాయి పెదవులు కదపకుండా లెక్కపెట్టింది. వేళ్లు తీయకుండా ఇంకాసేపు అలాగే ఉంది. తర్వాత ‘డెబ్భై ఎనిమిది. బాగానే ఉంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదూ?’ అని లేచి, ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చి కొంచెం కొంచెంగా తాగించింది. ‘రేపు పొద్దున్నే డాక్టరు గారి దగ్గరకెళ్లి బీపీ చూపిద్దాం. మాత్ర వేసుకున్నావా?’ అంటే నాయనమ్మ మాట్లాడలేదు. ఉపవాసం రోజున మాత్ర కూడా మింగదని అప్పుడు తెలిసింది ఇంట్లోవాళ్లకి.

నాన్న ఇవన్నీ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆ పిల్ల చేతుల్లో తొందర లేదు, తడబాటు లేదు. ఆసుపత్రుల్లో చాలాసార్లు చూసిన దృశ్యమే. తన ఇంట్లో, తన తల్లి మంచం దగ్గర చూడటం ఇదే మొదటిసారి.

‘నాడి చూడ్డానికి సెకన్లు అంత ముఖ్యమా తల్లీ?’ అన్నాడు.

‘అదే కదా నాన్నా ముఖ్యం. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేస్తాం. కొట్టుకోవడం సమంగా లేకపోతే నిమిషం పూర్తిగా చూడాలి. పెద్దవాళ్లకి ఊరికే ఉన్నప్పుడు అరవై నుంచి వంద లోపు ఉండాలి. బొటనవేలు మాత్రం పెట్టకూడదు. దానికీ ఓ నాడి ఉంటుంది. మనది మనమే లెక్కపెట్టేసుకుంటాం.’

‘మరి అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదే?’ అన్నాడు తమ్ముడు.

అమ్మాయి గొంతు తగ్గించింది. ‘అప్పుడు ఊపిరి లెక్కపెట్టా. ఊపిరి చూస్తున్నామని చెబితే మనిషి మామూలుగా తీసుకోరు. అందుకే నాడి చూస్తున్నట్టే నటించాలి. మా మేడమ్ మొదటి వారంలోనే నేర్పారు.’

వాచీ వెనక ఇంత కథ ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజానికి నాడికీ సెకన్ల ముల్లుకీ స్నేహం మూడొందల ఏళ్ల నాటిది. సర్ జాన్ ఫ్లాయర్ అనే ఇంగ్లండు వైద్యుడు నాడి లెక్కపెట్టడానికే ప్రత్యేకంగా సెకన్ల ముల్లుతో ఒక గడియారం చేయించుకున్నాడు. దాని గురించి 1707లో పుస్తకం రాశాడు. అంతకుముందు నాడి వేగంగా ఉందనో, నెమ్మదిగా ఉందనో చెప్పేవారు. ఆ తర్వాత ఎంతో చెప్పడం మొదలైంది.

అమ్మాయి హెచ్ఎంటీని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ రుమాలులో చుట్టింది. ఆ చూపులో ఆశ ఉందేమో. నాయనమ్మ అది గమనించి, ‘అది తమ్ముడిదే. వాడికి మీసాలొచ్చాక ఇద్దామని దాచాను. మీ తాతయ్య వాచీ మగపిల్లాడికి చెందాలి కదా’ అంది. ‘అవున్లే నాయనమ్మా’ అంది అమ్మాయి మామూలుగానే. తల కింద దిండు సర్దింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నాన్న బీరువా తెరిచి, చీరల మధ్య నుంచి ఆ డబ్బా తీసి చూశాడు. శనగగింజంత డయలు. మెరిసే పన్నెండు రాళ్లు. రెండు ముళ్లు.

మూడోది లేదు.

*

మర్నాడు పొద్దున డాక్టరు దగ్గర బీపీ చూపించారు. మాత్ర ఏ రోజూ మానొద్దని ఆయన నాయనమ్మకి గట్టిగానే చెప్పారు. సాయంత్రం నాన్న, అమ్మాయి మెయిన్ రోడ్డుకి బయల్దేరారు. నాన్న జేబులో రెండు వాచీలున్నాయి. ఒకటి కొత్తది, ఒకటి తాతయ్యది.

ముందు పక్క సందులోకి తీసుకెళ్లాడు. చెప్పుల కొట్టుకీ జెరాక్సు కొట్టుకీ మధ్య, అద్దాల బల్ల ముందు కూర్చునే వాచీల రిపేరు పెద్దాయన దగ్గరికి. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, హెచ్ఎంటీ వెనక మూత విప్పి, చిన్నపిల్లాడిని చూసినట్టు ముద్దుగా చూశాడు.

‘పదిహేడు రాళ్ల మిషనమ్మా. ఆ ఎర్రగా కనిపిస్తున్నాయే, అవే. ఇరుసులు అరిగిపోకుండా పెట్టేవి. గంటకి పద్దెనిమిది వేలసార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకి అయిదు’ అన్నాడు. నూనె ఎండిపోయింది, ఓవరాయిలింగ్ చేస్తే మళ్లీ పరుగెడుతుందన్నాడు. సెల్లు వాచీలు వచ్చి వీటిని పక్కకి నెట్టేశాయనీ, ఆ కంపెనీ వాచీల విభాగం మూసివేతకి 2016లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపిందనీ, అయినా తన దగ్గరికి నెలకి నాలుగైదు ఇలాంటివి వస్తూనే ఉంటాయనీ చెప్పాడు. ‘తాతల నాటి వాచీ ఉంటే పారేయకండి బాబూ’ అన్నాడు.

‘ఇది పెట్టుకుని ఆసుపత్రిలో డ్యూటీ చేయొచ్చా?’ అని అడిగాడు నాన్న. అమ్మాయి ఆశ్చర్యంగా తండ్రి వంక చూసింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ‘రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుగుతారమ్మా?’

‘లెక్కే ఉండదు. ఒక్కో పేషెంటుకి ముందోసారి, తర్వాతోసారి.’

‘అయితే వద్దు. దీనికి నీళ్లు పడవు. ఆర్నెల్లలో లోపల తుప్పు పడుతుంది. ఇది ఇంట్లో కూర్చుని బతకాల్సిన ప్రాణం.’

దాన్ని ఆయనకి అప్పజెప్పి షాపులోకి వెళ్లారు. నాన్న బంగారు రంగు వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మాయికి అప్పుడు అర్థమైంది. ‘నాన్నా, ఇది...’ అని ఏదో అనబోయింది. ‘ఇది నేను ఎవరికోసమో కొన్నాను, నీకోసం కాదు’ అన్నాడు నాన్న. అదేమీ కోపంగా అన్న మాట కాదు.

షాపతను గుర్తుపట్టాడు. ‘ఏం సార్, పాపకి నచ్చలేదా? బీఎస్సీ అన్నారు కదా, కాలేజీ పిల్లలందరూ స్మార్ట్ వాచీలే అడుగుతున్నారు. గుండె ఎంత కొట్టుకుంటోందో కూడా అదే చెబుతుంది’ అంటూ ఒకటి తీశాడు.

అమ్మాయి నవ్వింది. ‘అది పెట్టుకున్నవాళ్ల గుండె సంగతి చెబుతుందండీ. నాకు పక్కవాళ్లది కావాలి.’

షాపతనికి అర్థం కాలేదు. నాన్న వంక చూశాడు. నాన్న ఒక్క క్షణం ఆగాడు. పక్కన ఇద్దరు ముగ్గురు తెలిసిన మొహాలే ఉన్నాయి. మున్సిపల్ ఆఫీసుకి పనుల మీద వచ్చేవాళ్లు.

‘మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది’ అన్నాడు. షాపంతా వినపడేలాగే అన్నాడు. ‘నాడి చూడాలి. సెకన్ల ముల్లు స్పష్టంగా కనపడేవి చూపించండి.’

అమ్మాయి తల వంచుకుని అద్దం కింద వాచీలు చూస్తున్నట్టు నిలబడింది. చాలాసేపు తలెత్తలేదు.

ఆ తర్వాత ఎంపిక అరగంట పట్టింది. ఈసారి అడిగే ప్రశ్నలు వేరు. తెల్లటి డయలు మీద నల్లటి అంకెలు పన్నెండూ ఉండాలి. సెకన్ల ముల్లు మధ్యలో, పొడుగ్గా, ఎర్రగా ఉంటే మేలు. డయలు చుట్టూ అరవై గీతలూ విడివిడిగా కనపడాలి. రాత్రి డ్యూటీలో లైటు వేస్తే రోగులకి నిద్ర పాడవుతుంది కాబట్టి చీకట్లో ముళ్లు మెరవాలి. తోలు బెల్టు వద్దు, నీళ్లు పీల్చి వాసన వస్తుంది. చైను లింకుల మధ్య మురికి చేరుతుంది. సబ్బుతో కడిగేసుకునే రబ్బరు బెల్టయితే హాయి. ఇంకొకటి, వెనక మూత మీద 30 మీటర్లని రాసి ఉన్నంత మాత్రాన దాంతో నీళ్లలో దిగమని కాదు. నాలుగు చినుకులు పడితే తట్టుకుంటుందని అర్థం. రోజంతా కొళాయి కింద ఉండే చేతికి 50 మీటర్లయినా ఉండాలి.

‘కొన్ని దేశాల్లో నర్సులు చేతికి అసలు పెట్టుకోనివ్వరట నాన్నా. బట్టల మీద పిన్నుతో తలకిందులుగా తగిలించుకుంటారు. వంగి చూస్తే తిన్నగా కనపడుతుంది. మాకు కూడా కొన్ని చోట్ల తీసి జేబులో వేసుకోవాల్సిందే’ అంది అమ్మాయి. నాన్న శ్రద్ధగా విన్నాడు. ఏడాదిలో ఆ పిల్ల చదువు గురించి ఆయన ఇంతసేపు వినడం ఇదే మొదలు.

చివరికి ఒకటి తేలింది. ధర 1,895. చూడ్డానికి బడిపిల్లల వాచీలా ఉంది. లోపల సెల్లుతో నడిచే క్వార్ట్‌జ్ మిషను. ఆ రకం చేతివాచీ ప్రపంచంలో మొదట 1969 డిసెంబరు 25న జపానులో సీకో కంపెనీ అమ్మకానికి పెట్టింది. సన్నటి స్ఫటికం ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని సగం, అందులో సగం, మళ్లీ సగం... అలా పదిహేనుసార్లు చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటే ముల్లుని ఒక అడుగు వేయిస్తుంది. రోజుకి కొన్ని నిమిషాలు అటూ ఇటూ కావడానికి వీల్లేని నడక.

షాపులో డబ్బు వెనక్కి ఇవ్వరు, మరో వస్తువు తీసుకోవాలి. మిగిలిన దాంట్లో ఇంటికి గోడ గడియారం తీసుకున్నారు. సెకన్ల ముల్లు ఉన్నదే. తమ్ముడికి అలారం గడియారం ఒకటి. ఇంకా మిగిలిన దానికి షాపతను చీటీ రాసిచ్చాడు, ఎప్పుడైనా వచ్చి తీసుకోమని.

*

పుట్టినరోజు పెద్ద హడావుడేమీ లేదు. పొద్దున్నే గుడికెళ్లి వచ్చారు. సేమ్యా పాయసం, పులిహోర. నాన్న వాచీ డబ్బాతో పాటు బల్ల సొరుగులోంచి ఫారం 6 తీసి ఇచ్చాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ‘ఇక్కడ సంతకం నీదే. నేను చేయక్కర్లేదు’ అని మాత్రం అన్నాడు. అమ్మాయి ఫారం మీద చేయి పెట్టే ముందు వాచీ పెట్టుకుంది.

అమ్మ ఆ వాచీని తిప్పి తిప్పి చూసి పెదవి విరిచింది. ‘దీనికోసమా బంగారంలాంటిది మార్చుకొచ్చారు! బుట్టలు మాత్రం మానేది లేదు, సంక్రాంతికి చేయిస్తాను’ అంది. అమ్మాయి చెవులు పట్టుకుని చూపించింది, చేయించమని. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాయనమ్మ మాత్రం మౌనంగా ఉంది. ఓవరాయిలింగ్ చేయించి తెచ్చిన హెచ్ఎంటీ ఆమె ఒళ్లో ఉంది. టిక్కుటిక్కుమంటోంది. కాసేపటికి మనవరాలిని పిలిచింది.

‘ఇదిగో, దీన్నీ నువ్వే ఉంచుకో. ఆ రోజు నీ చేతిలోనే కదా లేచి కూర్చుంది. వాడికి మీసాలొచ్చేసరికి నేనుంటానో లేదో’ అంది.

తమ్ముడి మొహం చిన్నబోయింది. అయినా ఏమీ అనలేదు.

అమ్మాయి వాచీ అందుకుని కాసేపు చూసింది. చెవి దగ్గర పెట్టుకుని వింది. తర్వాత తమ్ముణ్ని దగ్గరికి పిలిచి వాడి చేతికి కట్టింది. బెల్టు ఆఖరి చిల్లు దాకా లాగినా వదులుగానే ఉంది.

‘ఊరికే ఇవ్వడం లేదు. నేను అక్కడుంటాను. నాయనమ్మ ఇక్కడుంటుంది. పొద్దున్నే దీనికి కీ ఇవ్వాలి. అప్పుడే నాయనమ్మ మాత్ర వేసుకుందో లేదో చూడాలి, ఏకాదశైనా సరే. ఆదివారం ఆదివారం నాడి చూసి నాకు ఫోనులో చెప్పాలి. చెయ్యగలవా?’

వాడు తలూపాడు. ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఎవరి చేతులూ వాడు వదల్లేదు. అమ్మవి, నాన్నవి, పాలుపోయడానికి వచ్చిన అతనివి కూడా. ‘మూడు వేళ్లు. గట్టిగా నొక్కకు. బొటనవేలు తీసెయ్’ అంటూ అక్క వెనక నుంచి చెబుతూనే ఉంది.

సెలవులు అయిపోయాయి. సామర్లకోట స్టేషన్లో నాన్న రైలెక్కించాడు. ఎదురుసీటు పెద్దావిడ ‘ఏం చదువుతోంది బాబూ మీ అమ్మాయి?’ అని అడిగింది. ‘నర్సింగండీ’ అన్నాడు. ఆవిడ వెంటనే సీటులో సర్దుకుని కూర్చుని, తన మోకాళ్ల నొప్పుల సంగతి మొదలుపెట్టింది. రైలు కదిలేసరికి అమ్మాయి వాచీ వంక చూస్తూ ఆవిడ చేయి పట్టుకుని ఉంది.

మొదటి ఆదివారం పొద్దున్న ఏడింటికి హాస్టలు నుంచి ఫోను వచ్చింది. తమ్ముడు అప్పటికే హెచ్ఎంటీకి కీ ఇచ్చి, నాయనమ్మ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఫోను స్పీకర్లో పెట్టి, నోటికి వేలు అడ్డం పెట్టుకుని అందరినీ మాట్లాడొద్దన్నాడు. కొత్త గోడ గడియారం ఒక పక్క, చేతిలో తాతయ్య వాచీ ఒక పక్క. రెండు ముళ్లూ నడుస్తున్నాయి.

‘డెబ్భై ఆరు అక్కా’ అన్నాడు.

‘ముప్పై సెకన్లు చూసి రెండింతలు చేశావా?’

‘లేదు, నిమిషం మొత్తం చూశా.’

‘మంచిది. మాత్ర?’

‘వేసుకుంది. నా ఎదురుగానే.’

అయినా వాడు చెయ్యి వదల్లేదు. చూపు వాచీ మీద, పెదవులు మాత్రం కదులుతున్నాయి. నాయనమ్మ కాసేపు ఓపిక పట్టి, ‘ఏవిట్రా, నేను ఊపిరి తీసుకోవడం కూడా లెక్కపెడుతున్నావా ఏంటి?’ అంది.

వాడు ఉలిక్కిపడి, ‘అక్కా, కనిపెట్టేసింది!’ అన్నాడు.